లావు తీగలు మాత్రమే గుమ్మంటున్నాయా? పికప్‌లు మార్చే ముందు ఇవి చూడండి

మీరు రాసింది క్లుప్తంగా ఇది: స్ట్రాట్ తరహా గిటార్, మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగ ఊపుని సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు పరికరాలు), 10–46 సెట్ తీగలు (ఒకటోది 0.010, ఆరోది 0.046 అంగుళం మందం) వేసి ఆరు నెలలు దాటింది. ఇంట్లో పదడుగుల గదిలో ఒక మూలన చిన్న ప్రాక్టీస్ ఆంప్, ఆదివారం చర్చిలో కేబుల్ నేరుగా మిక్సర్‌లోకి. ఆరో తీగ, ఐదో తీగ మీటితే గుమ్మని మోగి మిగతా నాలుగింటినీ మింగేస్తున్నాయి. ఆంప్‌లో బేస్ తగ్గిస్తే సన్న తీగలు మరీ పీలగా అయిపోతున్నాయి. షాపులో చూపిస్తే పికప్‌లు మార్చమన్నారు, మార్చాలా అని మీ ప్రశ్న.

ఇప్పుడే మార్చకండి. ఇలాంటి ఫిర్యాదుతో నా దగ్గరికి వచ్చే గిటార్లలో చాలావాటికి స్క్రూడ్రైవర్, కొత్త తీగల సెట్ సరిపోతాయి. వాటితో కుదరకపోతే అప్పుడు ఆలోచిద్దాం.

అసలు బేస్ నాబ్ ఎందుకు పనిచేయలేదో ముందు చూద్దాం. ఆ నాబ్‌కి తీగల సంగతి తెలియదు, ఫ్రీక్వెన్సీలే తెలుసు. మామూలు ట్యూనింగ్‌లో ఓపెన్ తీగల (ఏ ఫ్రెట్ దగ్గరా నొక్కని తీగల) స్థాయి ఆరో తీగ నుంచి వరసగా 82, 110, 147, 196, 247, 330 హెర్ట్జ్. ఆంప్ బేస్ కంట్రోల్ ప్రభావం 80 దగ్గర మొదలై 110 దగ్గర ఆగిపోదు, 200–300 దాకా సాగుతుంది. కాబట్టి ఆరో తీగను అణచబోతే మూడో తీగ, రెండో తీగల ఒంట్లో ఉన్న కాస్త కండ కూడా పోతుంది. మీ సమస్య తీగకీ తీగకీ మధ్య ఉన్న తేడా. దాన్ని సరిచేయాల్సింది తీగలు విడివిడిగా ఉన్న చోట, అంటే గిటార్ మీదే. ఆంప్‌లోకి వెళ్ళేసరికి ఆరూ కలిసి ఒకే సిగ్నల్ అయిపోతాయి.

అయితే గిటార్ మీద చెయ్యి వేసేముందు దోషం గిటార్‌దో గదిదో తేల్చుకోవాలి. దీనికి ఐదు నిమిషాలు చాలు. క్లీన్ టోన్ పెట్టండి, డిస్టార్షన్, కంప్రెసర్, రివర్బ్ అన్నీ ఆపేయండి. ఆరో తీగ మీద ఓపెన్ నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా ఒక్కో స్వరం ఒకే బలంతో మీటుతూ పోండి. తర్వాత ఐదో తీగ మీద కూడా అలాగే. అన్ని స్వరాలూ దాదాపు ఒకేలా గుమ్మంటే తప్పు పికప్ ఎత్తులోనో తీగల్లోనో ఉంది. రెండు మూడు స్వరాలు మాత్రం గోడలు అదిరేలా మోగి పక్క ఫ్రెట్‌కి జరగ్గానే తగ్గిపోతే అది మీ గది పని. ఇదే వరసని హెడ్‌ఫోన్స్‌లో ఇంకోసారి వినండి. మీ ఆంప్‌కి ఫోన్స్ జాక్ ఉండే ఉంటుంది. హెడ్‌ఫోన్స్‌లో బ్యాలెన్స్ బాగుంటే గిటార్ ముట్టుకోనక్కర్లేదు.

పదడుగుల గది అన్నారు కాబట్టి లెక్క చెప్తాను. ఎదురెదురు గోడల మధ్య ధ్వని నిలిచిపోయే ఫ్రీక్వెన్సీలు ఉంటాయి. ధ్వని వేగాన్ని గోడల దూరానికి రెట్టింపుతో భాగిస్తే మొదటిది వస్తుంది. మన ఎండకి, అంటే 30 డిగ్రీల దగ్గర, ధ్వని వేగం సెకనుకి సుమారు 349 మీటర్లు. పదడుగులంటే 3.05 మీటర్లు. మొదటిది 57 హెర్ట్జ్ వస్తుంది, గిటార్‌కి దానితో పెద్ద పని లేదు. దాని రెట్టింపు 114. ఐదో తీగ ఓపెన్‌కీ (110) మొదటి ఫ్రెట్‌కీ (116.5) సరిగ్గా మధ్యన పడింది! ఆరో తీగ మీద ఐదు, ఆరు ఫ్రెట్లు కూడా అవే స్వరాలు. గది పొడవూ వెడల్పూ రెండూ పదడుగులే అయితే రెండు దిక్కుల నుంచీ అదే స్వరానికి బలం చేకూరుతుంది, ఇంకా ఘోరం. పద్నాలుగడుగుల గోడలైతే ఇదే లెక్కలో 82 దగ్గర పడుతుంది, అంటే ఓపెన్ ఆరో తీగ.

దీనికి తోడు ఆంప్‌ని మూలన నేలమీద పెట్టారు. నేల, రెండు గోడలు మూడూ కలిసి బేస్‌ని ముందుకి తోస్తాయి. ఆంప్‌ని మూల నుంచి రెండు మూడు అడుగులు ఇవతలికి లాగి కుర్చీ మీదో స్టూల్ మీదో పెట్టి, కొంచెం వెనక్కి వాల్చి, స్పీకర్ మీ మోకాళ్ళ వైపు కాకుండా ముఖం వైపు చూసేలా చేయండి. ట్రెబుల్ స్పీకర్ నుంచి తిన్నగా వెళ్తుంది, బేస్ అన్ని వైపులా పాకుతుంది. ఇన్నాళ్ళూ ట్రెబుల్ మీ పిక్కలకి, బేస్ మీ చెవులకి చేరుతోందన్నమాట. పైగా చిన్న ప్రాక్టీస్ ఆంప్‌ల బాక్సులు చాలావాటికి 100–200 హెర్ట్జ్ మధ్య ఎక్కడో ఒక ఉబ్బు ఉంటుంది. చిన్న స్పీకర్‌లో బేస్ ఉన్నట్టు అనిపించడానికి అదే ఆధారం కూడా. కుర్చీ ఎక్కించాక మీరు నిలబడే చోటు కూడా రెండడుగులు అటూ ఇటూ మార్చి వినండి. గోడకి వీపు ఆనించి వాయిస్తుంటే మాత్రం ముందు అక్కడి నుంచి లేవండి.

గది సంగతి తేలాక అసలు విషయం, పికప్ ఎత్తు. మామూలుగా కొత్త గిటార్ షాపులో ఉన్నప్పుడు ఎవరూ దీన్ని ముట్టుకోరు, కొన్నాక మనమూ ముట్టుకోం. ఫ్యాక్టరీలో ఎలా బిగిస్తే అలాగే ఏళ్ళ తరబడి ఉండిపోతుంది.

అయస్కాంతానికి దగ్గరగా ఉన్న తీగ గట్టిగా వినిపిస్తుంది, దూరమయ్యేకొద్దీ తగ్గుతుంది. లావు తీగలో ఇనుము ఎక్కువ, ఊపు కూడా ఎక్కువ. అందుకని పికప్‌ని లావు తీగల వైపు కాస్త కిందికి, సన్న తీగల వైపు కాస్త పైకి వాల్చి పెడతారు. పాతకాలపు తరహా సింగిల్ కాయిల్స్‌కి స్ట్రాట్ తయారుచేసే ఫెండర్ కంపెనీ చెప్పే కొలత ఆరో తీగ వైపు 2.4 మి.మీ., ఒకటో తీగ వైపు 2 మి.మీ. టెక్సస్ స్పెషల్స్‌లాంటి బలమైన పికప్‌లకి అదే కంపెనీ 3.2, 2.4 అంటుంది. రెండు కాయిల్‌ల హంబకర్ పికప్ అయితే రెండు వైపులా 1.6 దగ్గర మొదలుపెట్టమంటుంది. ఇవి మొదలుపెట్టడానికే. అక్కడి నుంచి మీ చెవే స్కేలు.

కొలిచే పద్ధతి ముఖ్యం. తీగని ఓపెన్‌గా వదిలేసి కొలవకూడదు. ఆఖరి ఫ్రెట్ దగ్గర, గిటార్‌ని బట్టి 21 లేదా 22వ ఫ్రెట్, ఆరో తీగని నొక్కి పట్టుకుని తీగ అడుగు నుంచి పికప్ మీద దాని కింద ఉండే గుండ్రటి లోహపు పోల్ పీస్ తల దాకా ఎంత ఖాళీ ఉందో చూడాలి. అర మిల్లీమీటరు గీతలున్న చిన్న స్టీల్ స్కేల్ చాలు. మూడు పికప్‌లకీ, రెండు వైపులా కొలిచి కాగితం మీద రాసుకోండి. నచ్చకపోతే వెనక్కి రావడానికి దారి ఉంటుంది.

పికప్‌కి రెండు చివర్లా ఒక్కో స్క్రూ ఉంటుంది. స్ట్రాట్ తరహాలో కుడివైపుకి బిగిస్తే పికప్ పైకి లేస్తుంది, ఎడమవైపుకి వదులుచేస్తే దిగుతుంది. ఇది తిరకాసుగా అనిపిస్తుంది కానీ స్క్రూ పికప్‌ని పిక్‌గార్డ్ వైపు లాగుతోందని గుర్తుంచుకుంటే సరి. పికప్‌ని నేరుగా కర్రకి బిగించిన గిటార్లలో మాత్రం దీనికి ఉల్టా. ఒక చుట్టుకి దాదాపు అర నుంచి ముప్పావు మిల్లీమీటరు కదులుతుంది కాబట్టి ఒకసారికి అర చుట్టు మించొద్దు. మరీ వదులు చేస్తే స్క్రూ ఊడి పికప్ లోపలికి పడిపోతుంది, అప్పుడు తీగలన్నీ విప్పి పిక్‌గార్డ్ ఎత్తాలి. ఇంకో సంగతి, పికప్ అయస్కాంతం స్క్రూడ్రైవర్‌ని లాగేస్తుంది. ఆంప్ వాల్యూమ్ సున్నా చేసి తిప్పండి, లేకపోతే పోల్ పీస్‌కి తగిలినప్పుడల్లా స్పీకర్‌లో ఢమాల్ మంటుంది. కవర్ లేని పికప్ అయితే మొన జారి కాయిల్‌కి తగలకుండా చూసుకోండి. కాయిల్‌లో చుట్టిన తీగ వెంట్రుకంత సన్నం. తెగితే పికప్ పోయినట్టే.

బ్రిడ్జ్ పికప్‌తో, అంటే తీగలు బిగించిన బ్రిడ్జ్‌కి దగ్గరున్న దానితో మొదలుపెట్టండి. మూడింట్లో బలహీనమైనది అదే కాబట్టి దాన్ని కొలతగా పెట్టుకుని మిగతా రెండూ దానికి సరిపెట్టాలి. సన్న తీగల వైపు 2 మి.మీ. దగ్గర పెట్టి, లావు తీగల వైపు 2.4 నుంచి కొంచెం కొంచెం దించుతూ పోండి. ప్రతి అర చుట్టుకీ ఆగి ఒక ఓపెన్ కార్డ్ ఒక్కో తీగగా మీటి వినండి. ఆరో తీగ మిగతావాటితో కలిసి నిలబడే చోటు ఒకటి తగులుతుంది. అక్కడ ఆపండి. తర్వాత నెక్ పికప్, అంటే గిటార్ మెడ వైపుది. దీన్ని చాలామంది భయపడేంతగా దించినా ఏమీ కాదు, లావు వైపు 3, 3.5 మి.మీ. కూడా పెట్టుకోవచ్చు. సౌండ్ తగ్గినట్టనిపిస్తే ఆంప్ వాల్యూమ్ కాస్త పెంచుకుంటాం, అంతే. పికప్ దగ్గరగా ఉంటేనే టోన్ బాగుంటుందని ఒక నమ్మకం ఉంది, నాకు దానిమీద గురి లేదు. కొంచెం దూరంలో ఉన్న సింగిల్ కాయిల్ ఎంత తేటగా మోగుతుందో ఒకసారి వింటే మీరే ఒప్పుకుంటారు.

నెక్ పికప్ మీద నాకు ప్రత్యేకంగా అనుమానం ఎందుకంటే, స్ట్రాట్ స్కేల్ పొడవు (ఓపెన్ తీగలో ఊగే భాగం) 25.5 అంగుళాలు, అంటే 648 మి.మీ. నెక్ పికప్ బ్రిడ్జ్ మీద తీగ ఆనే శాడిల్ నుంచి దాదాపు 162 మి.మీ. దూరంలో, సరిగ్గా తీగ పొడవులో పావు దగ్గర ఉంటుంది. బ్రిడ్జ్ పికప్ దాదాపు 4 సెం.మీ. దూరంలోనే ఉంటుంది. తీగ తన మూల స్వరంలో నడిమధ్యన ఎంత ఊగుతుందో అందులో 70 శాతం ఊపు నెక్ పికప్ చూస్తుంది, బ్రిడ్జ్ పికప్‌కి కనిపించేది 20 శాతం. నెక్ పికప్ లావుగా, బ్రిడ్జ్ పికప్ పదునుగా ఉండటానికి ప్రధాన కారణం ఇదే. ఇక ఆరో తీగని పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కి నెక్ పికప్‌లో వాయిస్తే ఏమవుతుందో చూడండి. ఊగే తీగ పొడవు సగానికి తగ్గింది, పికప్ సరిగ్గా దాని మధ్యలోకి వచ్చేసింది. మూల స్వరం నూటికి నూరు శాతం, సరిసంఖ్య హార్మోనిక్స్ దాదాపు శూన్యం. స్వరం ముద్దగా, కళ్ళు మూసుకున్నట్టు వినిపిస్తుంది. అది మీ గిటార్ జబ్బు కాదు, ఆ చోటు లక్షణం. అక్కడ వాయించేటప్పుడు సెలెక్టర్ ఒక మెట్టు జరపండి.

ఇక్కడ రాక్ గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ సంగతి చెప్పాలనిపిస్తోంది. స్ట్రాట్‌లో బ్రిడ్జ్ పికప్ ఏటవాలుగా ఉంటుంది, సన్న తీగల వైపు బ్రిడ్జ్‌కి దగ్గరగా, లావు తీగల వైపు దూరంగా. ఆయన ఎడమచేతి వాటం, కుడిచేతి గిటార్‌ని తిరగేసి తీగలు మార్చి వేసుకునేవారు. దాంతో ఆ ఏటవాలు కూడా తిరగబడి లావు తీగల కింది పోల్ పీస్‌లు బ్రిడ్జ్‌కి దగ్గరయ్యాయి. లావు తీగలు బిగుతుగా, సన్న తీగలు మెత్తగా పలకడం ఆ అమరికకి సహజం. తర్వాత కాలంలో కొన్ని స్ట్రాట్‌లు కావాలనే ఆ తిరగేసిన ఏటవాలుతో తయారుచేశారు. మీరు ఎప్పుడైనా కొత్త పిక్‌గార్డ్ కొనాల్సొస్తే ఆ రకం గుర్తుపెట్టుకోండి, మీకు నప్పుతుంది.

పికప్ మరీ దగ్గరగా ఉందనడానికి ఇంకో గుర్తు ఉంది. ఆరో తీగ పైఫ్రెట్లలో ట్యూనర్ ముల్లు ఒకచోట నిలవకుండా ఊగుతుంది, ఒకే స్వరంలో రెండు స్వరాలు కొట్టుకుంటున్నట్టు వణుకు వస్తుంది. అయస్కాంతం తీగని లాగి దాని ఊపుని పాడుచేస్తోందన్నమాట. ఆల్నికో అనే అయస్కాంత లోహపు కడ్డీలే పోల్ పీస్‌లుగా ఉన్న సింగిల్ కాయిల్స్‌లో ఇది ఎక్కువ. తక్కువ ధర గిటార్లలో చాలావరకు ఇనుప పోల్ పీస్‌లు, వాటి కింద సిరామిక్ అయస్కాంతపు పట్టీ ఉంటాయి. వాటికి ఈ లాగుడు తక్కువ. ఇది తెలియక ఇంటొనేషన్ (ఫ్రెట్ల మీద శ్రుతి) బాగాలేదని శాడిల్స్‌తో కుస్తీ పట్టేవాళ్ళని చూశాను. ముందు పికప్ దించాలి, తర్వాతే ఇంటొనేషన్.

తీగలు. ఆరు నెలలు అన్నారు. చుట్ల మధ్య చెమట, జిడ్డు, చర్మపు పొట్టు చేరేది చుట్టు తీగల్లోనే, అంటే నాలుగు, ఐదు, ఆరు. సన్నవి ఉత్త ఉక్కు, తుడిస్తే పోతుంది. అందుకే సెట్ పాతబడ్డప్పుడు లావు తీగల మెరుపు ముందు పోతుంది, గుమ్మనే భాగం మాత్రం మిగులుతుంది. అప్పుడు మనకి బేస్ పెరిగినట్టనిపిస్తుంది. నిజానికి పెరగలేదు, దాని పైనున్న పదును పోయింది. విశాఖ, కాకినాడలాంటి సముద్రపు గాలిలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. వేలి గోటిని ఆరో తీగ కింది వైపు పొడవునా జరిపి చూడండి, ఫ్రెట్లు తగిలిన చోట చిన్న నొక్కులు తెలిస్తే ఆ సెట్ పనైపోయింది. పాత తీగల్ని నీళ్ళలో మరిగించే చిట్కా ఉంది, పనిచేస్తుంది కానీ కొద్దిరోజులే.

కొత్త సెట్ కొనేటప్పుడు రెండు చూడండి. ప్యాకెట్ మీద ప్యూర్ నికెల్ అని ఉంటే మెత్తటి సౌండ్, మీకు వద్దు. నికెల్ ప్లేటెడ్ స్టీల్ మామూలుది. స్టెయిన్‌లెస్ స్టీల్ అన్నిటికన్నా పదును, కానీ వేళ్ళకి గరుకు. రెండోది గేజ్, అంటే తీగ మందం. మీది 10–46. లావు తీగల్ని అదుపులో పెట్టడానికి 9–42 వేసి చూడటం మంచి ఆలోచన. ఆరో తీగలో లోహం తగ్గితే గుమ్మనడం తగ్గుతుంది, మీటే శబ్దం స్పష్టంగా వస్తుంది. 10–52 రకం, అంటే సన్న తీగలు సన్నగానే ఉండి లావు తీగలు మరింత లావుగా ఉండే సెట్లు, మీరు డ్రాప్ ట్యూనింగ్ (ఆరో తీగని మామూలు శ్రుతి కన్నా దింపి) వాయించకపోతే వద్దు. గేజ్ మారితే నెక్ వంపు, ట్రెమొలో బ్రిడ్జ్ ఎత్తు కాస్త మారతాయి, అవి సరిచూసుకున్నాక పికప్ ఎత్తు మళ్ళీ కొలవాలి. అందుకే తీగలు ముందు, స్క్రూలు తర్వాత.

డ్రాప్ డి వాయించేవాళ్ళకి ఒక మాట. ఆరో తీగని ఇ నుంచి డి కి దింపితే బిగువు ఐదో వంతు తగ్గుతుంది. సన్న సెట్‌లో ఆ తీగ వదులై ఫ్రెట్లకి కొట్టుకుంటూ గరగరమంటుంది. వాళ్ళకి మందు తిరగేసి ఇవ్వాలి, 52 వేసుకోవాలి. 24.75 అంగుళాల స్కేల్ ఉన్న లెస్ పాల్ తరహా గిటార్లో అదే తీగ, అదే ట్యూనింగ్‌కి బిగువు ఇంకో ఆరు శాతం తక్కువ ఉంటుంది, అది కూడా లెక్కలో పెట్టుకోవాలి.

ఇప్పుడు చర్చి. మీ ప్రశ్నలో ఇది ఒక్క వాక్యంగా వచ్చింది కానీ నా దృష్టిలో సగం కథ ఇక్కడే ఉంది. మన దగ్గర ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్ళలో ఎంతోమంది ప్రతి వారం పదిమంది ముందు వాయించేది చర్చిలోనే, అక్కడ ఆంప్ ఉండదు, మిక్సర్‌లో ఒక చానల్ ఇస్తారు. గిటార్ పికప్‌కి ఎదురుగా కనీసం 500 కిలో ఓమ్‌లు, వీలైతే ఒక మెగ్ ఓమ్ నిరోధం ఉన్న ఇన్‌పుట్ ఉండాలి. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ సాధారణంగా 10 కిలో ఓమ్‌ల ప్రాంతంలో ఉంటుంది. అంత తక్కువ దాంట్లోకి గుచ్చితే పికప్ ఊపిరాడక ట్రెబుల్ అంతా రాలిపోతుంది. మిగిలేది దుప్పటి కప్పిన గుమ్ము. మిక్సర్‌లో ట్రెబుల్ ఎంత పెంచినా ఆ పోయింది రాదు, హిస్ పెరుగుతుంది. ఇంటి దగ్గర హోమ్ థియేటర్ ఆక్స్‌లో గిటార్ పెట్టి వాయించేవాళ్ళదీ ఇదే గోల, వాళ్ళకి సబ్‌వూఫర్ అదనం.

పరిష్కారం ఖరీదైనది కాదు. మిక్సర్‌లో హై-జడ్ (Hi-Z) అనో, గిటార్ బొమ్మతోనో బటన్ ఉన్న చానల్ ఉందేమో చూడండి, చాలా చిన్న మిక్సర్లలో ఒకటి రెండు చానళ్ళకి ఉంటుంది. లేకపోతే యాక్టివ్ డీఐ బాక్స్, అంటే గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే చిన్న పెట్టె. అదీ లేకపోతే బఫర్ (అదే పని చేసే చిన్న సర్క్యూట్) ఉన్న ఏ పెడల్ అయినా గిటార్‌కీ మిక్సర్‌కీ మధ్య పెట్టండి. బాస్ (Boss) కంపెనీ పెడల్స్ దాదాపు అన్నీ ఆఫ్‌లో ఉన్నా బఫర్‌గా పనిచేస్తాయి, ఆ కంపెనీ ట్యూనర్ ఒకటున్నా చాలు. కరెంట్ అందుతుండాలి, అంతే. మల్టీ ఎఫెక్ట్స్ ఉంటే దానిలో క్యాబ్ సిమ్యులేషన్ (గిటార్ స్పీకర్ బాక్స్ సౌండ్‌ని అనుకరించేది) ఆన్ చేయండి.

క్యాబ్ సంగతి ఎందుకంటే, గిటార్ స్పీకర్ పనిచేసే పరిధి చిన్నది. సెలెస్టియన్ వింటేజ్ 30 అనే పేరున్న స్పీకర్ పరిధి 70 నుంచి 5000 హెర్ట్జ్. చర్చిలోని 15 అంగుళాల బాక్సులు, సబ్‌లు అంతకంటే చాలా కిందికి దిగుతాయి. మీ అరచెయ్యి బ్రిడ్జ్‌కి తగిలిన చప్పుడు, అరచేత్తో తీగల్ని అణచి మీటే పామ్ మ్యూట్ దెబ్బ, ఆంప్‌లో వినిపించనివన్నీ అక్కడ గుండెల మీద పడతాయి. చానల్ పైన గెయిన్ దగ్గర లో కట్ అనే బటన్ ఉంటుంది, మిక్సర్‌ని బట్టి 75, 80 లేదా 100 హెర్ట్జ్. గిటార్‌కి అది నొక్కే ఉంచమని సౌండ్ చూసే అన్నకి చెప్పండి. 82 హెర్ట్జ్ దగ్గర కొంచెం పోయినా నష్టం లేదు, అక్కడ బేస్ గిటార్ ఉంది. దాని లావు తీగ 41 హెర్ట్జ్ నుంచి మొదలవుతుంది, కిక్ డ్రమ్ కూడా అక్కడే. ఆ ఇద్దరి మధ్య మీ ఆరో తీగకి చోటు లేదు. కీబోర్డ్ వాయించేవాళ్ళు ఎడమచేత్తో కూడా బేస్ వేస్తుంటే అది వేరే పంచాయితీ, మిక్సర్‌తో తేలేది కాదు.

ఇంట్లో బాగున్న సెట్టింగ్ చర్చిలో గుమ్మనడానికి చెవి కూడా ఒక కారణం. తక్కువ వాల్యూమ్‌లో మనిషి చెవికి బేస్ సరిగా వినిపించదు. రాత్రి ఇంట్లోవాళ్ళు పడుకున్నాక చిన్నగా వాయిస్తూ బేస్ పెంచుకుంటాం, అదే సెట్టింగ్ హాల్లో పెద్దగా మోగితే వరద. అందుకే టోన్ ఎప్పుడూ వాయించబోయే వాల్యూమ్‌లోనే పెట్టుకోవాలి. ఆంప్ నాబ్‌లకి మొదటి మెట్టుగా బేస్ 3, మిడ్ 6 లేదా 7, ట్రెబుల్ 5 ప్రయత్నించండి. అన్నీ 12 గంటల మీద పెడితే ఫ్లాట్ అనుకుంటారు, ఫెండర్ తరహా టోన్ సర్క్యూట్‌లో అలా పెట్టినా మిడ్ గుంటపడే ఉంటుంది. మీ సన్న తీగలు పీలగా ఉన్నాయంటే వాటికి కావలసింది ఎక్కువగా మిడ్. యూట్యూబ్‌లో మెటల్ టోన్ చూసి మిడ్ సున్నా చేసేవాళ్ళు బ్యాండ్‌లో ఎందుకు మాయమైపోతారో ఇదే జవాబు.

డిస్టార్షన్ వాడుతుంటే ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి. బేస్ తగ్గించాల్సింది డిస్టార్షన్‌కి ముందు. లావు తీగలు ఎక్కువ బలంతో లోపలికి వెళ్ళి ముందు అవే విరుగుతాయి, వాటితోపాటు మిగతా స్వరాల్నీ నలిపేస్తాయి. తర్వాత ఈక్యూతో (ఫ్రీక్వెన్సీలని విడివిడిగా పెంచి తగ్గించే కంట్రోల్‌తో) తగ్గిస్తే ముద్ద పలచబడుతుంది తప్ప విడిపోదు. ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ అనే ఓవర్‌డ్రైవ్ పెడల్‌ని డ్రైవ్ దాదాపు సున్నా, లెవెల్ బాగా పెంచి గెయిన్ ఉన్న ఆంప్ ముందు పెట్టడం మెటల్ వాళ్ళకి అలవాటు. ఆ పెడల్ సర్క్యూట్లో దాదాపు 720 హెర్ట్జ్ కింద గెయిన్ తగ్గిపోయేలా అమరిక ఉంది, అందుకే రిఫ్‌లు బిగుతుగా వస్తాయి. మీ దగ్గర బాస్ జీఈ-7 లాంటి ఈక్యూ పెడల్ ఉంటే దాన్ని ముందు పెట్టి 100, 200 స్లైడర్లు నాలుగైదు డెసిబెల్స్ దించినా సరిపోతుంది.

వాల్యూమ్ నాబ్ 6, 7 మీద పెట్టి వాయించే అలవాటుంటే ఒకసారి 10 మీద పెట్టి చూడండి. నాబ్ తగ్గించినప్పుడు ట్రెబుల్ కూడా తగ్గుతుంది, కేబుల్ పొడవుగా ఉంటే ఇంకా. మీటర్ కేబుల్‌కి సుమారు 100 పికో ఫారడ్‌లు, పది మీటర్ల కేబుల్‌తో తేడా చెవికి బాగా తెలుస్తుంది. సింగిల్ కాయిల్‌కి 250 కిలో ఓమ్ పాట్‌లు (నాబ్‌ల కింద ఉండే మారే నిరోధాలు), హంబకర్‌కి 500 వాడటం రివాజు. పాత యజమాని హంబకర్ వేసి పాట్‌లు మార్చకపోతే అదో కారణం, కానీ మీ గిటార్‌కి ఇది వర్తించదు.

ఇవన్నీ చేశాక కూడా నెక్ పికప్‌లో లావు తీగలు నచ్చకపోతే, పికప్ కొనేముందు ఇంకొక మెట్టు ఉంది. గిటార్ లోపలే బేస్ కట్. ఇది కొత్త ఆలోచనేం కాదు. 1962లో వచ్చిన ఫెండర్ జాగ్వార్‌లో బేస్ కోసే స్విచ్ ఉంది, సిగ్నల్‌కి వరసలో ఒక చిన్న కెపాసిటర్ వస్తుంది, అంతే. లియో ఫెండర్ ఆ తర్వాత పెట్టిన జీ అండ్ ఎల్ కంపెనీ గిటార్లలో కొన్నిటికి ట్రెబుల్‌కి ఒకటి, బేస్‌కి ఒకటి నాబ్‌లు ఉంటాయి. మీ గిటార్‌లో రెండు టోన్ నాబ్‌లున్నాయి కదా, ఒకదాన్ని బేస్ కట్‌గా మార్చుకోవచ్చు. 0.0022 మైక్రో ఫారడ్ కెపాసిటర్, దానికి అడ్డంగా ఒక మెగ్ ఓమ్ రివర్స్ లాగ్ పాట్, రెండూ సిగ్నల్ దారిలో వరసగా. పాట్ దొరకడం కాస్త కష్టం, కెపాసిటర్ హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో కొన్ని రూపాయలకి దొరుకుతుంది. సోల్డరింగ్ తెలిసినవాళ్ళకి గంట పని. ఇది కూడా ఆరు తీగలకీ కలిపే పనిచేస్తుంది, కాబట్టి పికప్ వాలు సరిపెట్టాకే దీని జోలికి వెళ్ళండి.

పికప్‌లు మార్చడం ఎప్పుడు న్యాయం? ఒక తీగ కింది పోల్ పీస్ పనిచేయకపోతే, పికప్ సౌండ్ వచ్చిపోతూ ఉంటే, లేదా అన్నీ సరిచేశాక కూడా మీకు కావలసిన రకం టోన్ వేరే అని స్పష్టంగా తెలిస్తే. కొత్త పికప్ వేసినా దాన్ని కూడా ఇలాగే కొలిచి, వాల్చి, సరిపెట్టాలి.

చెయ్యి సంగతి అడగలేదు కానీ, ఆరో తీగ నుంచి మొదలుపెట్టి కిందికి స్ట్రమ్ చేసేటప్పుడు మొదటి దెబ్బ బలంగా పడుతోందేమో మీ వీడియో తీసుకుని చూడండి. బ్యాండ్‌లో ఉన్నప్పుడు ఆరు తీగల బారె కార్డ్ పూర్తిగా పట్టనవసరం లేదు, సన్నవైపు నాలుగు తీగలు చాలు.

ఈ వారం తీగలు మార్చండి, ఆంప్ కుర్చీ ఎక్కించండి, మూడు పికప్‌ల కొలతలు రెండు వైపులా తీయండి. ఆ ఆరు అంకెలు, చర్చి మిక్సర్‌లో మీ కేబుల్ ఏ ఇన్‌పుట్‌లోకి వెళ్తోందో ఇక్కడ రాస్తే ఎంత దించాలో చెప్తాను.